ట్రాములు, డబుల్ డెక్కర్లు, బ్లాక్‌పూల్ ప్రయాణాలు: బ్రిటన్ పెద్దవాళ్లు ఎందుకంతగా తలచుకుంటారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయి బోల్టన్‌లో ఉంటాడు. పోయినసారి మీరు వెళ్లినప్పుడు ఎనభై దాటిన పక్కింటి పెద్దాయన పాత ట్రాముల గురించీ, కార్పొరేషన్ బస్సుల గురించీ, బ్లాక్‌పూల్ సముద్రం గురించీ గంటలకొద్దీ చెప్పి చివరికి కళ్లు తుడుచుకున్నారు. "బస్సు కోసం, ఆ చలి సముద్రం కోసం ఇంత బెంగేమిటండీ? ఈ ఆగస్టులో మళ్లీ వెళ్తున్నాం, అందులో ఇప్పుడు చూడ్డానికి ఏమైనా మిగిలిందా?" అని అడిగారు.

నేను 1970ల్లో విశాఖ నుంచి వెళ్లి, లాంకషైర్‌లోనే ఉద్యోగం చేసి రిటైరైన డాక్టర్ని. ఆ రోజుల్లో మనవాళ్లలో చాలామందికి దొరికింది వృద్ధుల వార్డులే, అక్కడి కుర్ర డాక్టర్లు ఆ పనికి పెద్దగా ఇష్టపడేవాళ్లు కాదు. నాకూ అదే దొరికింది. పేషెంటు జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూడ్డానికి ఈరోజు తారీఖెంత, ప్రధానమంత్రి ఎవరు అని అడగాలి. ప్రధానమంత్రి పేరు చెప్పలేని ముసలమ్మ తన చిన్నప్పుడు ఇంటి ముందు నుంచి పోయిన ట్రాము ఎక్కడెక్కడ ఆగేదో, నూలు మిల్లు దాకా టికెట్టు ఎంతో, ఆ టికెట్టు ఏ రంగో గడగడా చెప్పేసేది. దాంతో పేషెంటు బెరుకు పోవాలంటే ముందు ట్రాము గురించి అడగడం నాకు అలవాటైపోయింది. కాబట్టి నేను చెప్పేదాంట్లో చాలాభాగం ఆ మంచాల పక్కన కూర్చుని విన్నదే, మిగతాది తర్వాత మ్యూజియంలు పట్టుకు తిరిగి తెలుసుకున్నది.

ఇన్నేళ్లు విన్నాక నాకు అర్థమైంది ఒకటే. వాళ్లు బండి గురించి మాట్లాడుతున్నట్టు ఉంటారు గానీ తలచుకునేది ఊరంతా కలిసి కదలడాన్ని. ఒకే పొద్దున, ఒకే చోటికి, తమ ఊరి ముద్ర వేసిన బండిలో. అది పోయింది, ఇంక రాదని వాళ్లకి తెలుసు.

ముందు ట్రాముల సంగతి. బ్రిటన్‌లో వీధి ట్రాము మొదలైంది 1860లో, లివర్‌పూల్‌కి నదికి అవతల ఉన్న బర్కెన్‌హెడ్‌లో, జార్జ్ ఫ్రాన్సిస్ ట్రెయిన్ అనే అమెరికన్ చేతుల మీదుగా. అప్పుడు గుర్రాలు లాగేవి. కరెంటు ట్రాము వీధిలోకి వచ్చింది 1885లో, బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డునే. మొదట కరెంటు రోడ్డులో చీలికలాంటి గాడిలోంచి వచ్చేది, సముద్రపు ఇసుక, ఉప్పునీరు అందులో పడి నానా తిప్పలు పెడితే 1899లో పైన తీగలకి మార్చారు. (మనవాళ్లకి ఇది కొత్త కాదు. మద్రాసులో 1895కే కరెంటు ట్రాములు తిరిగాయి, లండన్ వీధుల్లో కంటే ముందే. అక్కడ చదువుకున్న పాతతరం తెలుగువాళ్లలో వాటిని ఎక్కినవాళ్లు బోలెడుమంది, 1953లో అవి ఆగిపోయేదాకా.)

పాత ట్రాము ఎక్కితే మొదట గుర్తుండేది శబ్దం, తర్వాత నిలబడి నడిపే డ్రైవరు. ఎడమచేత్తో ఇత్తడి పిడి తిప్పుతూ కరెంటు పెంచుతాడు, కుడిచేతికి బ్రేకు, కాలి కింద గంట. పట్టాలు తడిస్తే చక్రాల ముందు ఇసుక పడే ఏర్పాటు. చివరి స్టాపు చేరాక బండిని వెనక్కి తిప్పరు, రెండు వైపుల నుంచీ నడపొచ్చు కదా. కండక్టరు దిగి, పైన తీగకి ఆనుకునే పొడవాటి పోల్‌ని రెండో వైపుకి తిప్పి పెడతాడు, మళ్లీ లోపలికొచ్చి సీట్ల వీపుచెక్కల్ని వరసగా ఇటునుంచి అటు నెడుతూ పోతాడు, టకటకటకమని. ఆ పని కండక్టరు బదులు తాము చెయ్యడానికి పిల్లలు కొట్టుకునేవాళ్లట. నా పేషెంట్లలో దాదాపు ప్రతి ఒక్కరూ ఇది చెప్పారు, చెప్పేటప్పుడు చెయ్యి గాల్లో అలా నెట్టి మరీ చూపించేవాళ్లు.

మరి అంత బాగుంటే ఎందుకు తీసేశారు? కార్లు వచ్చాయి, డీజిల్ బస్సు చవక అనిపించింది, ఇవి అందరూ చెప్పేవే. అసలు మెలిక పాత చట్టంలో ఉంది. 1870 ట్రామ్ చట్టం ప్రకారం పట్టాల మధ్య రోడ్డు, పట్టాలకి అటూ ఇటూ 18 అంగుళాల రోడ్డు బాగుచేసే బాధ్యత ట్రాము నడిపేవాళ్లదే. గుర్రాలు ఆ రోడ్డుని తవ్వేస్తాయి కాబట్టి అప్పట్లో అది న్యాయమే. గుర్రాలు పోయాక కూడా ఆ ఖర్చు మాత్రం పోలేదు, అంటే తమకి పోటీగా వచ్చిన బస్సులూ కార్లూ తిరిగే రోడ్డుకి ట్రాములవాళ్లే డబ్బు పెట్టాలి! పైగా రవాణా మీద ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 1931లో వచ్చిన నివేదికలో ట్రాములు ఇంక వద్దంది. యుద్ధంలో పట్టాలు అరిగిపోయాయి, కొత్తవి వెయ్యడానికి డబ్బులేదు, ఒక్కో ఊరూ వదిలేసుకుంటూ పోయింది. మీ బోల్టన్‌లో 1947లో, మాంచెస్టర్‌లో 1949లో, లండన్‌లో 1952 జూలైలో, లివర్‌పూల్‌లో 1957లో, షెఫీల్డ్‌లో 1960లో. కాబట్టి పక్కింటాయనకి బోల్టన్ ట్రాములు లీలగా గుర్తుండి ఉంటే గొప్పే. ఆయన చెప్పే ట్రాము బహుశా బ్లాక్‌పూల్‌దే అయ్యుంటుంది, ఓసారి అడిగి చూడండి.

లండన్ సంగతి ఒకటి చెప్పాలి. ట్రాములు తీసేసిన ఐదు నెలలకే, 1952 డిసెంబరులో, ఆ పేరుమోసిన విషపు పొగమంచు కమ్మింది. కండక్టర్లు చేతిలో దీపం పట్టుకుని ముందు నడుస్తుంటే వెనక బస్సు పాకుతూ వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. పట్టాల మీద పోయే ట్రాముకి దారి తప్పే బాధ ఉండదు కదా, అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం.

గ్లాస్గో అన్నిటికంటే ఆలస్యంగా వదులుకుంది. అక్కడ ట్రాముకి ఏ దారిదో తెలిసేలా పై అంతస్తు చుట్టూ రంగు పట్టీ ఉండేది, ఎరుపు, నీలం, పసుపు, పచ్చ, తెలుపు అని, చదువు రానివాళ్లకీ అది చాలు. 1962 సెప్టెంబరు 4న వానలో ఆఖరి ఊరేగింపు తీశారు, రెండున్నర లక్షల మంది రోడ్ల పక్కన నిలబడ్డారు. పట్టాల మీద రాగి పెన్నీలు పెట్టి, చక్రం కింద చదునైన నాణాన్ని ఇంటికి తీసుకెళ్లారు. నగరం మొత్తం ఒక బండికి వీడ్కోలు చెప్పడానికి తడుస్తూ నిలబడిందంటే అది ఒట్టి బండి కాదని తెలియట్లేదూ? ఆ తర్వాత బ్రిటన్ ప్రధాన భూభాగంలో వీధుల్లో తిరిగే కరెంటు ట్రాము బ్లాక్‌పూల్‌లో మాత్రమే మిగిలింది, ముప్పై ఏళ్లు గడిచి 1992లో మాంచెస్టర్ మళ్లీ మొదలుపెట్టేదాకా.

ఇక బస్సులు. ఇక్కడ నాకు సొంత అనుభవం ఉంది. నేను వెళ్లేనాటికి చిల్లర లెక్క మారిపోయింది, 1971 ఫిబ్రవరిలోనే పౌనుకి వంద పెన్నీలు చేసేశారు, కానీ ముసలివాళ్లు మాత్రం పౌనుకి 240 పెన్నీల లెక్కలోనే గొణుక్కునేవాళ్లు. వెనక తలుపులేని మెట్టు ఉన్న డబుల్ డెక్కర్లు ఇంకా కొన్ని తిరిగేవి. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిస్తే పరిగెత్తి ఎక్కెయ్యొచ్చు, హైదరాబాద్‌లో ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్లకి అదేం గొప్ప కాదు. కండక్టరు ఒకసారి గంట కొడితే ఆపమని, రెండుసార్లు అయితే పోనిమ్మని, మూడుసార్లు అయితే బండి నిండింది ఎక్కడా ఆపొద్దని. పై అంతస్తు పొగతాగేవాళ్లది. నేను మొదటిసారి పైకి వెళ్లి కూర్చుని ఇంటికొచ్చాక కోటు రెండ్రోజులు వాసన కొట్టింది, ఆ పైకప్పు ఒకప్పుడు తెల్లగా ఉండేదని నమ్మడం కష్టం. తలచుకుని మురిసిపోయేవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు.

ఇంకో వింత. ఎత్తు తక్కువ వంతెనల కింద పట్టడానికి కొన్ని డబుల్ డెక్కర్లని పొట్టిగా కట్టారు. పై అంతస్తులో నడిచే దారి మధ్యలో కాకుండా ఒక పక్కకి, పల్లంగా ఉంటుంది, నలుగురు నలుగురు ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చోవాలి. కిటికీ దగ్గరున్నాయన దిగాలంటే ముగ్గురూ లేవాలి. కింద కూర్చున్నవాళ్లకేమో ఆ పల్లం నెత్తిమీదకి దిగి ఉంటుంది, లేచేటప్పుడు తల జాగ్రత్త అని ముందు సీటు వెనక రాసి ఉండేది, అయినా ఠంగుమని తగిలించుకోనివాడు లేడు.

ఆ కాలపు టికెట్టు యంత్రం గురించి అడిగితే పక్కింటాయన మొహం వెలిగిపోవాలి. చెక్క పలక మీద రంగురంగుల అట్ట టికెట్లు వరసగా, ఒక్కో రేటుకి ఒక్కో రంగు. కండక్టరు టికెట్టు తీసి యంత్రంలో పెట్టి నొక్కితే టింగుమని చిల్లు పడేది. ఆ చిల్లు ముక్కలు యంత్రంలోనే ఉండిపోతాయి, లెక్కలో అనుమానమొస్తే ఆఫీసులో ఆ రంగు ముక్కల్ని లెక్కపెట్టేవాళ్లు.

మాంచెస్టర్ బస్సు ఎరుపు, సాల్ఫోర్డ్ పచ్చ, మీ బోల్టన్ ముదురు మెరూన్, ఒక్కో ఊరికి ఒక్కో రంగు, పక్కన ఆ ఊరి కార్పొరేషన్ చిహ్నం బంగారు రంగులో. ఊరి సరిహద్దు దాటారో లేదో బస్సు రంగుని బట్టి తెలిసిపోయేది. 1969 నవంబరులో ఈ చుట్టుపక్కల పదకొండు కార్పొరేషన్ల బస్సుల్ని కలిపేసి అన్నిటికీ నారింజ, తెలుపు పులిమేశారు. తర్వాత 1986లో ఎవరైనా ఏ రూట్లోనైనా బస్సు తిప్పుకోవచ్చని లండన్ బయట పోటీకి తలుపులు తెరిచారు. ఆయన బాధలో ఇది చాలా ఉంటుంది, నా లెక్కలో సగం ఇదే. తన పన్ను డబ్బుతో నడిచే తన ఊరి బస్సు, ఆలస్యమైతే నిలదీయడానికి కౌన్సిలరు ఉన్న బస్సు, ఎవరిదో తెలియని బస్సు అయిపోయింది.

మనకీ దీనికీ చుట్టరికం లేకపోలేదు. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వే కింద బస్సులు మొదలుపెట్టినప్పుడు వచ్చిన ఆ మొదటి 27 బస్సులు ఆల్బియన్ కంపెనీవి, గ్లాస్గోలో తయారైనవి. మన ఆర్టీసీకి మూలం అదే. అశోక్ లేలాండ్‌లో ఉన్న లేలాండ్ కూడా లాంకషైర్‌లో చిన్న ఊరు, ప్రెస్టన్ పక్కనే, బోల్టన్ నుంచి కారులో ఎంతో దూరం కాదు. ఆ బోర్డు చూసినప్పుడు మన లారీల ముందు రాసుండే పేరు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చేది.

చేదు సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే ఇది సగం కథే. యుద్ధం తర్వాత కండక్టర్లు దొరక్క లండన్‌వాళ్లు 1956 నుంచి బార్బడోస్ దాకా వెళ్లి మనుషుల్ని తెచ్చుకున్నారు. బ్రిస్టల్‌లో మాత్రం నల్లవాళ్లకీ మన ఉపఖండంవాళ్లకీ బస్సుల్లో ఉద్యోగం ఇవ్వమన్నారు. 1963లో నాలుగు నెలలు జనం ఆ బస్సులు ఎక్కడం మానేశాక దిగొచ్చారు, ఆ తర్వాత అక్కడ మొదటి తెల్లవాడు కాని కండక్టరు రఘబీర్ సింగ్ అనే సిక్కు. వుల్వర్‌హాంప్టన్‌లో తలపాగా, గడ్డంతో బస్సు నడపడానికి 1967 నుంచి 1969 దాకా పోరాడాల్సొచ్చింది. సముద్రం ఒడ్డు లాడ్జీల్లో నల్లవాళ్లకి గది లేదని బోర్డు పెట్టిన కాలం కూడా అదే. అంటే ఊరంతా కలిసి కదిలేది అన్నానే, ఆ ఊరంతాలో మనం లెక్కలోకి రావడానికి టైం పట్టింది.

ఇప్పుడు అసలైన సముద్రం ప్రయాణం. లాంకషైర్‌లో ప్రతి మిల్లు టౌనుకీ ఏడాదిలో ఒక వారం తనదంటూ ఉండేది, వేక్స్ వీక్ అనేవాళ్లు. ఓల్డమ్‌ది ఒక వారం, బర్న్‌లీది ఇంకో వారం, బోల్టన్‌ది మరో వారం. ఆ వారం మిల్లులన్నీ మూత, దుకాణాలూ మూత, రొట్టెల బట్టీ కూడా మూత. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో అలా ఖాళీ అయ్యేది, తేడా ఏంటంటే వీళ్లందరూ ఒకే ఊరికి పోయేవాళ్లు. బ్లాక్‌పూల్‌కి. పొగగొట్టాలు వారంపాటు ఆగేసరికి ఊళ్లో మిగిలిన కొద్దిమందికి చుట్టూ ఉన్న కొండలు కనిపించేవట. ఈ సెలవుకి 1938 చట్టం వచ్చేదాకా చాలామందికి జీతం లేదు, అందుకే మిల్లులో పొదుపు సంఘం పెట్టుకుని ఏడాదంతా వారం వారం కొంత దాచేవాళ్లు. ఏడాది దాచింది ఆ ఒక్క వారంలో ఊదెయ్యడమే, మిగిల్చుకుని వస్తే పిసినారి అనేవాళ్లు!

వారం వెళ్లలేనివాళ్లకి ఒక్కరోజు ప్రయాణం. చర్చి బడి పిల్లలు, క్లబ్బులవాళ్లు, మిల్లులో ఒక షెడ్డువాళ్లంతా కలిసి కోచ్ మాట్లాడుకోవడం. పొద్దున్నే వీధి మూలలో చేరడం, దారిలో ఒకచోట టీకి ఆగడం, బ్లాక్‌పూల్ టవర్‌ని ముందుగా ఎవరు చూస్తే వాళ్లకి ఒక నాణెం. 518 అడుగుల ఇనుప టవర్ అది, 1894లో పారిస్ ఈఫిల్ టవర్‌ని చూసి కట్టింది, చుట్టూ చదును నేల కాబట్టి మైళ్ల దూరం నుంచే కనబడుతుంది. మా ఆసుపత్రివాళ్లతో కోచ్‌లో వెళ్లినప్పుడు రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ నర్సు కూడా కిటికీకి మొహం ఆనించి వెతకడం చూశాను.

ఒడ్డున ఏం చేసేవాళ్లంటే, నిజం చెప్పాలంటే ఏమీ లేదు. గుడ్డ కుర్చీ అద్దెకి తీసుకుని గాలికి కోటు కప్పుకుని కూర్చోవడం. డిపాజిట్ కట్టి ట్రేలో టీ కూజా, కప్పులు ఇసుకలోకి తెచ్చుకోవడం. పిల్లలకి గాడిద సవారీ. ఆ గాడిదలకి కూడా పనిగంటలు ఉంటాయి, శుక్రవారం సెలవు. మధ్యాహ్నం కాగితంలో చుట్టిన చేపముక్క, బంగాళాదుంప వేపుడు మీద వెనిగర్. ఇంటికి తేవడానికి రాక్ అనే చక్కెర కడ్డీ, ఎక్కడ కొరికినా లోపల బ్లాక్‌పూల్ అనే అక్షరాలు కనపడతాయి. మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లేవాళ్లం, గాలికి ఇసుక వచ్చి పడితే అందరి శాండ్‌విచ్‌లతో పాటు మా పులిహోరా కరకరలాడేది. మొదట్లో వింతగా చూసిన పక్క కుర్చీ ముసలాయన రుచి చూసి, మళ్లీ కొంచెం పెట్టమన్నాడు. మా ఆవిడకి మాత్రం విశాఖ ఆర్కే బీచ్ చూసిన కళ్లతో ఇది సముద్రంలా అనిపించలేదు, అల వెనక్కి పోతే కనుచూపుమేరా బురద ఇసుకే. నాకు నచ్చింది సముద్రం కాదు, ఆ జనం.

వారం ఉండేవాళ్ల లాడ్జీ కథలైతే వింటే నవ్వాగదు. టిఫిన్ పెట్టి బయటికి పంపిస్తే సాయంత్రం దాకా లోపలికి రానివ్వని ఇంటావిడలు, వాన పడుతున్నా సరే. కూరకి కావలసినవి తామే కొని తెచ్చుకుంటే ఆవిడ వండిపెట్టేది, బల్ల మీద ఉప్పూ మిరియాల పొడి వాడుకున్నందుకు బిల్లులో విడిగా వేసేవాళ్లని అందరూ చెప్తారు. ఇంటి దగ్గర పక్కింటివాళ్లే అక్కడా పక్కగదిలో. అది హాయిగా ఉండేదంటే మనకి నమ్మబుద్ధి కాదు, కానీ వాళ్లకి ఉండేది.

గ్లాస్గోవాళ్లు స్టీమరెక్కి క్లైడ్ నది దిగి రోత్‌సే, డనూన్ వెళ్లేవాళ్లు. లండన్‌వాళ్లు సౌతెండ్, మార్గేట్. కార్డిఫ్‌వాళ్లు బారీ ఐలండ్. ప్రతిచోటా కథ ఇదే.

1960ల్లో స్పెయిన్‌కి చవక విమానాలొచ్చాయి, ఎండ గ్యారంటీ. మిల్లులు మూతబడ్డాయి, మిల్లు లేకపోతే ఊరంతటికీ ఒకేసారి సెలవు ఎక్కడిది? 1964లో బ్లాక్‌పూల్ సెంట్రల్ స్టేషన్ కూడా మూసేశారు, టవర్ పక్కనే ఉండి ఒకప్పుడు వేసవి రైళ్లతో కిక్కిరిసిన స్టేషన్ అది. తర్వాత అక్కడ కార్లు నిలిపేవాళ్లు.

మీరు ఆగస్టులో చూడగలిగినవి చెప్తాను. బ్లాక్‌పూల్‌కి బోల్టన్ నుంచి రైల్లో గంట పైచిలుకు. స్టేషన్ దగ్గరికే 2024 నుంచి ట్రాము వస్తోంది. స్టార్ గేట్ నుంచి ఫ్లీట్‌వుడ్ దాకా సముద్రం పక్కనే 11 మైళ్లు, బండ్లు 2012 నుంచి కొత్తవే, అయినా దారి పాతదే, ఫ్లీట్‌వుడ్ చివర వీధి మధ్యలోంచి పోతుంది, అటు తప్పకుండా వెళ్లండి. 1934 నాటి గుండ్రటి డబుల్ డెక్కర్ ట్రాముల్ని బెలూన్ అంటారు, అలాంటి పాతవాటిని తిప్పుతున్నారో లేదో ఆ సీజన్‌కి ముందే కనుక్కోండి, ఈమధ్య ఆపి ఉంచిన రోజులూ ఉన్నాయి. దీపాల అలంకరణ కావాలంటే ఆగస్టు ఆఖరు దాకా ఆగాలి.

పక్కింటాయన్ని వెంటబెట్టుకుని వెళ్లాలంటే మాత్రం మాంచెస్టర్ చీతమ్ హిల్‌లో రవాణా మ్యూజియం ఉంది, పాత బస్సు డిపోలోనే. నేను చెప్పిన ఎరుపు, పచ్చ, మెరూన్ బస్సులన్నీ ఒకే కప్పు కింద. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, చూసుకుని వెళ్లండి. బోల్టన్ బస్సు కనపడగానే ఆయన్ని ఒక పది నిమిషాలు వదిలెయ్యండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

ట్రాము నిజంగా ఎక్కాలంటే డర్బీషైర్‌లోని క్రిచ్. పాత రాతి క్వారీలో 1959 నుంచి ట్రాముల పిచ్చోళ్లు సొంత చేతులతో కట్టుకున్న జాతీయ ట్రాము మ్యూజియం అది. టికెట్టుతో పాటు మీకో పాత పెన్నీ ఇస్తారు, అది ట్రాములో కండక్టరుకి ఇచ్చి టికెట్టు తీసుకోవాలి. చివరి స్టాపులో సీట్ల వీపులు తిప్పడం అక్కడ చూడొచ్చు, అడిగితే పిల్లల చేత తిప్పిస్తారు కూడా. కొండల్లో ఉంది, బస్సులు మారుతూ పోతే రోజంతా దారికే సరిపోతుంది, మీ అబ్బాయిని ఒక శనివారం ఖాళీ పెట్టుకుని కారు తీయమనండి. చలికోటు మాత్రం మర్చిపోవద్దు, ఆగస్టే కదా అనుకోకండి.